చొక్కా చేతుల చేను

ఆ, చొక్కా చేతులే అవి. సరిగ్గానే చూశావు. అన్నీ కుడివే. ఎడమది ఒక్కటి చూపించు, ఈ కుర్చీలోంచి లేచి నీకు డాన్సు చేసి చూపిస్తా. ఆ బొంతని అట్లా మంచం మీద పరిచెయ్యకమ్మా మారెన్, పరుచుకోడానికి కుట్టలేదు దాన్ని మీ అమ్మమ్మ. అటు తలుపు మీద వేలాడెయ్యి. ఆ... ఇప్పుడు కొంచెం దూరం జరుగు. ఇంకా జరుగు, కిటికీ దాకా పో. ఏం కనిపిస్తోంది? చేనా? చూశావా మరి! కంకులు విరిచేశాక నవంబర్లో మొక్కజొన్న చేను అట్లాగే ఉంటుంది, వెలిసిపోయి, వరసలు వరసలుగా, గాలికి ఒక పక్కకి వాలిపోయి. దగ్గరికొస్తే చొక్కా చేతులు, దూరం పోతే చేను. నాకు ఇప్పుడు కళ్ళు మసకేసి దగ్గరున్నా చేనే కనిపిస్తుందనుకో, అది వేరే సంగతి. మీ అమ్మ లోర్నా చెప్పలేదా నీకు ఇదంతా? చెప్పదులే. అప్పటికి తను చిన్నపిల్ల, భోజనాల బల్ల దగ్గర కాళ్ళు నేలకి అందేవి కాదు. కాఫీ పెట్టావా? పెట్టు, అది కాగేలోపు చెప్తా. కాగాక కూడా చెప్తాననుకో, నీ చిన్నతాత సంగతి నీకు తెలిసిందేగా.

మీ అమ్మమ్మ ఆర్డిస్ మన లోయ పిల్ల కాదు. కొండకవతల, రైలు స్టేషనున్న ఊరు వాళ్ళది. వాళ్ళ నాన్న బోర్డులు రాసేవాడు. కొట్ల మీద పేర్లు, పాల లారీల మీద ఆవు బొమ్మలు, చర్చి గోడ మీద వాక్యాలు, ఏదైనా రాసేవాడు. ఇంటినిండా రంగు డబ్బాలే. కొరియా యుద్ధం నడుస్తున్న రోజుల్లో మా అన్నయ్య హాల్వర్, అంటే మీ తాత, వెన్న ఫ్యాక్టరీలో పాలు దింపడానికి ఆ ఊరెళ్ళి, బోర్డుకి నిచ్చెన పట్టుకుని నిలబడ్డ ఆ పిల్లని చూసొచ్చాడు. వచ్చి అన్నం దగ్గర చెప్పాడు, చేసుకుంటే ఈ పిల్లనే అని. మా అమ్మ బోర్గిల్డ్ ఫోర్కు కింద పెట్టేసింది. మా అమ్మంటే నీకు ముత్తవ్వ అవుతుంది, నార్వే నుంచి చంకబిడ్డగా ఓడెక్కి వచ్చిన మనిషి, ఆవిడకి విస్కాన్సిన్ మొత్తం మీద పనికొచ్చేది మన లోయ ఒక్కటే. "బోర్డులు రాసేవాడి కూతురికి పాలు పితకడం వచ్చా?" అంది. "రాదు. ఈల వెయ్యడం వచ్చు" అన్నాడు అన్నయ్య. అంతే. పెళ్ళయిపోయింది. తర్వాత ఆ ఈల వింటేనేగానీ మన ఆవులు పాలు చేపేవి కావు, అదీ చూశాను నేను. నేనెక్కడున్నానంటావా? ఇక్కడే, ఈ ఇంట్లోనే, పై గదిలో. పొలం ఇద్దరిదీ. నాకు పెళ్ళెందుకు కాలేదో అడక్కు, దానికి ఇంకో కాఫీ కావాలి.

మా అమ్మకి ముందుగదిలో బొంతల చట్రం ఉండేది. తాళ్ళు కట్టి పైకప్పుకి వేలాడదీసింది. మధ్యాహ్నం అంట్లు కడిగాక తాళ్ళు వదిలితే కిందికి దిగేది, సాయంత్రం పాలవేళకి మళ్ళీ పైకి. గురువారాలు చర్చి ఆడాళ్ళంతా దాని చుట్టూ చేరి కుట్టేవాళ్ళు, సూదుల కన్నా నోళ్ళే ఎక్కువ నడిచేవి. మా అమ్మ కుట్టు చీమలబారు. ఒక్క చీమ బారు తప్పేది కాదు. వదినకి కూడా నేర్పింది, వదిన ఇట్టే పట్టేసింది. కానీ రంగుల దగ్గర కుదిరేది కాదు ఇద్దరికీ. నక్షత్రాల బొంత కుడదామని ముక్కలు కోసిస్తే, ఈవిడ వాటిని అటు తిప్పి ఇటు తిప్పి కొండలు చేసేది, కొండల మీద ఆకుపచ్చ ఆకాశం పెట్టేది. "ఆకాశానికి ఆకుపచ్చేంటే?" అనేది మా అమ్మ. "మొన్న వడగళ్ళ ముందు చూళ్ళేదా అత్తయ్యా?" "వడగళ్ళ ముందు నేను కోళ్ళని లోపలికి తోలుకున్నా. ఆకాశంకేసి చూస్తూ నిలబళ్ళేదు." "నేను రెండూ చేశా అత్తయ్యా." ఇట్లా ఉండేది. మా అమ్మ అన్నది ఏంటంటే, బొంతన్నాక కింద మనిషి వెచ్చగా పడుకోవాలి. గోడకి చలేస్తుందా, గోడకెందుకు బొంత? వదిన నవ్వేది.

ఎప్పుడు కుట్టేదంటే, అదే, అడుగుతున్నావుగా, అసలు విడిగా టైమంటూ ఎక్కడిది? పొద్దున పాలు, పిల్లలు, కోళ్ళు, తోట, వంట, మళ్ళీ పాలు. వంటింట్లో సామానుగది తలుపు మీద ఒక పాత దుప్పటి మేకులేసి కొట్టింది. గుడ్డముక్కలు దాని మీద గుండుసూదులతో గుచ్చిపెట్టేది. బంగాళాదుంపలు చెక్కుతూ ఒక కన్ను అటే ఉండేది. గరిటె చేత్తో పట్టుకునే వెళ్ళి ఒక ముక్క తీసి ఇంకోచోట గుచ్చేది, వెనక్కి వచ్చేది, తల వంచి చూసేది, ఈలోపు పొయ్యి మీద పులుసు మాడేది. అన్నయ్య పళ్ళెంలోకి చూసి, "ఇది మాడిందా, లేకపోతే సాయంత్రమైందా?" అనేవాడు. వాడికి కోపం రాదమ్మా. ఆ రోజుల్లో ఒక్కసారే వచ్చింది, అది చెప్తా. ఒక ఆదివారం చర్చికి బయల్దేరుతుంటే వాడి గోధుమరంగు ప్యాంటు కనపడ్డంలేదు. బీరువా వెతికాడు, మంచం కింద వెతికాడు, నన్ను తిట్టాడు నేను వేసుకున్నానని. చివరికి వంటింట్లోకొచ్చి నిలబడి దుప్పటికేసి చూశాడు. "ఆర్డిస్. ఆ దున్నిన చేనుకి జేబుందేంటి?" అన్నాడు. వదిన తలెత్తకుండా, "మోకాళ్ళ దగ్గర చిరిగిందయ్యా, ఎటూ పడెయ్యాల్సిందే" అంది. "చిరగలేదు!" "చిరుగుతుంది." ఆ వారం వాడు పెళ్ళినాటి ప్యాంటు పొట్ట బిగబట్టి వేసుకొచ్చాడు చర్చికి. పాటలు పాడేటప్పుడు ఊపిరి తీసుకోలేదు పాపం. అయినా, ఎవరైనా మనింటికొస్తే ముందు దాని దగ్గరికే తీసుకెళ్ళేవాడు. "అది నా ప్యాంటు" అని చూపించేవాడు, ఏదో వాడే కుట్టినట్టు.

సరే. ఆ నవంబరు సంగతి. అప్పట్లో కంకులు విరిచే మిషనుండేది, నువ్వు చూసుండవు. ట్రాక్టరుకి తగిలించేవాళ్ళం. రెండు ఇనప రోలర్లు ఒకదానికొకటి ఒరుసుకుంటూ తిరిగేవి, దంటుని కిందికి లాగేసేవి, కంకి విరిగి పైకెళ్ళేది. తడి దంట్లయితే ఇరుక్కునేవి. ఇంజను ఆపి, దిగి, పీకాలి. ఆపితే మా ట్రాక్టరు మళ్ళీ స్టార్టవడానికి మొండికేసేది, చలికి. అందుకని ఎవడూ ఆపేవాడు కాదు. నేనూ ఆపేవాణ్ణి కాదు. లోయలో ఎవర్నడిగినా ఆపామనే చెప్తారు, ఎవడూ ఆపలేదు. నా చెయ్యి ఉంది, వాడిది పోయింది, అంతే తేడా. ఆ రోజు సోమవారం. నేను దాణా పట్టించుకురావడానికి మిల్లుకెళ్ళా. తిరిగొస్తూ రోడ్డు మీంచి చూస్తే ట్రాక్టరు కనిపిస్తోంది, ఇంజను మోత వినిపిస్తోంది, సీటులో మనిషి లేడు. మోత ఒకే తీరుగా వస్తోంది, దంట్లు విరుగుతుంటే అట్లా రాకూడదు. బండి రోడ్డు మధ్యలో వదిలేసి పరిగెత్తా. వాడు నిలబడే ఉన్నాడు, మిషనుకి ఆనుకుని, ఎవరితోనో మాట్లాడ్డానికి ఆగినట్టు. నన్ను చూసి, "ఆపు" అన్నాడు. అంతే అన్నాడు. మిగిలింది వద్దులే. ఆస్పత్రిలో మోచేతి పైకి తీసేశారు.

ఊరంతా వచ్చింది. వాళ్ళ వాళ్ళ పనులు ఆపుకుని, మిషన్లు తోలుకొచ్చి, మా చేను మొత్తం ఒక్క రోజులో కోసిపెట్టారు. ఆడాళ్ళు లెఫ్సె రొట్టెలు, మాంసం ఉండలు బుట్టలకొద్దీ తెచ్చారు. అన్నయ్య బయటికి రాలేదు. వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు, అడిగితే ఆ, ఊ, అంతవరకే. పిల్లలు వాడి పక్కన మెల్లగా నడిచేవాళ్ళు, నిద్రపోతున్న కుక్క పక్కన నడిచినట్టు. పాలు నేనూ వదినా చూసుకున్నాం. ఆ చలికి, ఆ తడికి ఆవిడ వేళ్ళన్నీ పగిలి, కుట్టడం కాదుగదా సూది పట్టుకుంటేనే రక్తం వచ్చేది. తలుపు మీద దుప్పటి పీకేసింది. ఈల కూడా మానేసింది. ఆవులు పాలు తగ్గించాయి. నువ్వు నవ్వకు, నిజం. అన్నయ్య చొక్కాలకి కుడిచెయ్యి మడిచి పిన్నీసు పెట్టేది. అది ఊడేది, వేలాడేది, ఒకసారి పొయ్యికి తగిలి అంటుకుంది కూడా. ఒక ఆదివారం చర్చినించి వచ్చి, కోటు కూడా విప్పకుండా, వాడి చొక్కాలన్నీ తెచ్చి కుప్పేసి కూర్చుంది. ఒక్కోదానికీ కుడిచెయ్యి కత్తిరించెయ్యడం, వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకునే ఆ కంత మూసి కుట్టెయ్యడం. పనిచొక్కాలు, ఫ్లానెల్ చొక్కాలు, పెళ్ళిచొక్కా. కత్తెర చప్పుడు ఒకటే. అన్నయ్య చూస్తూ కూర్చున్నాడు. ఆ చేతులన్నీ ఆపిల్ బుట్టలో పడేసింది. మా అమ్మ వచ్చి తీసి చూసి, "ఫ్లానెల్ మంచిది. తుడుపు గుడ్డలకి పనికొస్తాయి" అంది. "వద్దత్తయ్యా." "మరి దేనికే?" "తెలీదు." నిజంగానే తెలీదనుకుంటా అప్పటికి.

మార్చిలో, మంచు కరిగి వాకిలంతా బురదబురదగా ఉన్నప్పుడు, నేను పాలు తీసుకుని వంటింట్లోకి వచ్చా. దుప్పటి మళ్ళీ తలుపు మీదికొచ్చింది. దాని మీద చొక్కా చెయ్యి ఒకటే ఉంది, నిలువుగా, మణికట్టు గుండీలు పైకి పెట్టి. కొయ్యలేదు, ముక్కలు చెయ్యలేదు. చెయ్యి చెయ్యిగానే గుచ్చింది. "వదినా..." అన్నా. "నోర్ముయ్యి ఎలర్టూ. పాలు అక్కడ పెట్టు." మర్నాటికి రెండయ్యాయి. ఆ తర్వాత వరసయింది. పాతగుడ్డల పెట్టెలోంచి చిరిగిపోయిన చొక్కాలు కూడా తీసి చేతులు కోసింది. అన్నయ్య కుర్చీ దానికెదురుగానే. అన్నం తింటున్నా అదే, కాఫీ తాగుతున్నా అదే, వాడి ముందు వాడి చేతులు పెరుగుతున్నాయి. చివరికి అడిగేసింది మా అమ్మే. ఒక మధ్యాహ్నం అందరం బల్ల దగ్గరుండగా గిన్నె ఠంగుమని పెట్టింది. "అవి నా కొడుకు చేతులే! వాడి ముందర గోడకి కొడుతున్నావు, నీకు మనసెట్లా ఒప్పిందే?" వదిన లోర్నా పళ్ళెంలో బంగాళాదుంప చిదుముతోంది, చిదుముతూనే ఉంది. "వాణ్ణి అడిగావా?" "లేదత్తయ్యా." "ఎందుకడగలేదు?" "అడిగితే వద్దంటాడు." "అందుకేగా అడిగేది!" వదిన ఆ పళ్ళెం లోర్నా ముందుకి జరిపింది. ఆ మాటే ఇన్నేళ్ళు ఆలోచించా నేను, గొడ్లకి మేతేస్తూ, కంచెలు కడుతూ. అడగాలా? అడగాలనే అనిపిస్తుంది. అడిగుంటే ఇది ఉండేది కాదు. ఇది లేకపోతే... ఏమో. మా అమ్మది తప్పని నేననను. ఆవిడ తల్లి.

అప్పుడు అన్నయ్య మాట్లాడాడు. అంతకు ముందు ఎప్పుడు నిండుగా మాట్లాడాడో గుర్తులేదు మాకు. "మిషనెక్కడ?" అన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు. "చేనేశావు. చేతులేశావు. మిషనెక్కడ? అది లేకుండా ఏం చేను?" గట్టిగా అన్నాడు, కోపంగా. ప్యాంటు పోయినప్పటి కోపం కాదది, నేనెప్పుడూ వినలేదు ఆ గొంతు. వదిన తిరిగి వాడికేసి సూటిగా చూసింది. "నేను చూళ్ళేదుగా. చూసింది నువ్వు. చెప్పు, వేస్తా." వాడు లేచి వాకిట్లోకెళ్ళిపోయాడు. చెప్పుల్లేకుండా, బురదలో. కాసేపటికి వచ్చాడు, బురదకాళ్ళతో నేరుగా తలుపు దగ్గరికెళ్ళి, ఎడమచేత్తో చూపించాడు. "ఇక్కడ." మా అమ్మ నేల పాడయిందని కూడా అనలేదు, చూడు మరి.

ఇంక రోజూ అదే. వదిన గుచ్చడం, వాడు చెప్పడం. "కిందికి. ఇంకా కిందికి. ఎరుపు కాదు, కొన్నప్పుడు ఎరుపు, అప్పటికే ఇటుకరంగుకొచ్చింది." ఈవిడ వెళ్ళి పాత కర్టెను ఒకటి పట్టుకొచ్చేది, ఎండలో పెట్టి చూసేది. "ఇదా?" "ఇంకా వెలవాలి." పిల్లలు బల్ల మీద లెక్కలు చేసుకునేవాళ్ళు, నేను బూట్లకి నూనె రాసుకునేవాణ్ణి, మా అమ్మ వీపు ఇటు తిప్పి రొట్టెపిండి పిసికేది. కానీ వినేది, నాకు తెలుసు, చేతులు ఆగేవి మధ్యమధ్యలో. ఆస్పత్రిలో డాక్టరుకి చెప్పనివి, పాస్టరు వచ్చి అడిగితే చెప్పనివి అట్లా ముక్కలు ముక్కలుగా చెప్పాడు. తోలు గ్లౌజు తడిసిందని, ముందు అది పట్టుకుందని. జేబులో చాకుందని, కుడిజేబులో ఉందని, ఎడమచెయ్యి అక్కడిదాకా అందలేదని. "రక్తం పెట్టకు" అన్నాడొకసారి. "పెట్టను." "నాకు కనపళ్ళేదు, నిజంగా. చలేసింది, అంతే."

ఒకరోజు వదిన నోట్లో గుండుసూదులు పెట్టుకుని పని చేస్తూ, ఊరికే అడిగింది, మామూలుగా, "మరి అంతసేపూ ఏం చూస్తూ నిలబడ్డావు?" అని. అన్నయ్య కాఫీ కప్పు కింద పెట్టాడు. "నిన్ను" అన్నాడు. ఆవిడ తిరిగింది. "బట్టలారేస్తున్నావు. మన తీగ చేను చివర్నుంచి కనపడుతుంది. నావే, చొక్కాలు." వదిన నోట్లోంచి గుండుసూదులు ఒక్కోటీ తీసి దిండుకి గుచ్చింది. అన్నీ అయ్యాక అడిగింది, "అరిచావా?" "అరిచా. గాలి మీ వైపు నుంచి కొడుతోంది, ఇంజనొకటి. నా గొంతు నాకే వినపళ్ళేదు." "తర్వాత?" "తర్వాత ఆపేశా." "ఎందుకు ఆపావు?" "నువ్వు తిరిగితే పరిగెత్తుకొస్తావు. వచ్చి ముందూ వెనకా చూడకుండా నీ చెయ్యి పెడతావు. నాకు తెలీదా నీ సంగతి? తిరక్కు, తిరక్కు అనుకుంటా నిలబడ్డా." ఆ... మా అమ్మ పిండిచేతులతోనే ముందుగదిలోకి వెళ్ళిపోయింది. వదిన శాలువా కప్పుకుని కొట్టంలోకెళ్ళింది. పాలవేళ కాదది. నేను ఏదో పనున్నట్టు వెనకే వెళ్ళా. ఆవు కడుపుకి నుదురానించి నిలబడి ఉంది. ఏడుస్తోందో లేదో చూళ్ళేదు. తలుపు దగ్గరికేసి వచ్చేశా. కొన్ని రోజులు దుప్పటి జోలికి పోలేదు ఆవిడ. వండింది, పెట్టింది, పిల్లల జుట్టు దువ్వింది. పులుసు మాడ్చకుండా వండింది, అది చూస్తేనే భయమేసింది నాకు. అన్నయ్య తనే పాడు చేశాననుకున్నాడు, నా దగ్గరకొచ్చి అన్నాడు కూడా, "చెప్పకుండా ఉండాల్సిందేమోరా" అని.

అదిగో, పైన, ఎడమ మూల చూడు. వేలిగోరంత ఉంటుంది. కనిపించిందా? దారంతో గీసినట్టు తీగ, దాని కింద ఆడమనిషి. వీపు ఇటు తిరిగుంటుంది. ఒక సాయంత్రం పనయ్యాక కూర్చుని అది కుట్టింది. ఎవరికీ చెప్పలేదు, పొద్దున్నే కాఫీ దగ్గర చూశాం. అన్నయ్య లేచి దగ్గరికెళ్ళి, ముక్కు ఆనేంత దగ్గరికెళ్ళి చూశాడు. చూసి, "అంత సన్నంగా ఎప్పుడున్నావే నువ్వు?" అన్నాడు. వదిన చేతిలో ఉన్న తడిగుడ్డ విసిరికొట్టింది వాడి మొహాన. వాడు నవ్వాడు. మా అమ్మ "పిల్లల ముందు!" అని కసిరింది గానీ ఆవిడ భుజాలూ ఊగుతున్నాయి. మీ అమ్మ లోర్నా, ఏమీ అర్థం కాకపోయినా అది కూడా నవ్వింది.

ముక్కలన్నీ అతికాక, అస్తరు, మధ్యలో దూదిపొర పెట్టి మూడూ కలిపి కుట్టాలిగా, అసలు పని అదే. వదిన వేళ్ళు ఇంకా మానలేదు. కుట్టుమిషను మీద లాగిద్దామని చూసింది, గుండీలు అడ్డమొచ్చి నడవలేదు. చేత్తో కుడుతుంటే మా అమ్మ వెనకనించి వచ్చి చూసి, "బస్తా కుట్టులా ఉంది. లే" అంది. ముందుగదిలోకెళ్ళి తాళ్ళు వదిలి చట్రం దించింది. ఆకాశం మొత్తం ఆవిడ కుట్టిందే. చూడు దగ్గరికెళ్ళి, చీమలబారు. కానీ చేతులు ముట్టుకోలేదమ్మా. వాటి దాకా వచ్చి సూది వదినకిచ్చేసేది. "అవి నువ్వు చేసుకో" అనేది. చివరిదాకా అంతే. ఒప్పుకుందా అంటే ఒప్పుకోలేదు. కుట్టింది మాత్రం.

ఆగస్టులో జిల్లా ఎగ్జిబిషనుకి పంపమన్నది అన్నయ్యే. వదినకి ఇష్టం లేదు. ఇంట్లో సంగతి ఇంట్లో ఉండనీ అంది. "చొక్కాలు నావి. పంపు" అన్నాడు. పక్క జిల్లా నుంచి ఎవరో ఆవిడ వచ్చింది బహుమతులివ్వడానికి, టోపీ పెట్టుకుని. తిరగేసి చూసింది, కుట్టు బాగుందంది, కొలత మంచానికి సరిపోదంది, ఆ చేతులు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, పడుకుంటే గుచ్చుకుంటాయంది. మన ఎదురింటి వాళ్ళ ద్రాక్షగుత్తుల బొంతకిచ్చారు మొదటి బహుమతి. దీన్ని తీసుకెళ్ళి ఆడాళ్ళ షెడ్డులో చివర్న, ఊరగాయ సీసాల వెనక గోడకి తగిలించారు. ఆ షెడ్డులోకి మగాళ్ళెవరూ రారు, అక్కడుండేవి జాములూ లేసులూ. మొదటిరోజు మధ్యాహ్నానికి ఒకరిద్దరొచ్చారు, పెళ్ళాలు చెప్తే. తర్వాత ఎద్దుల పోటీ దగ్గర్నించి, ట్రాక్టర్ల దగ్గర్నించి ఒక్కొక్కరే రావడం మొదలైంది. వచ్చి సీసాల మధ్యన నిలబడేవాళ్ళు. కొందరు జేబులోంచి చెయ్యి తియ్యలేదు, ఎందుకు తియ్యలేదో ఇక్కడి వాళ్ళందరికీ తెలుసు. ఒకాయన, ముసలాయన, పేరు కూడా తెలీదు నాకు, బొంత మీద ఒక చేతికి మణికట్టు గుండీ ఊడి వేలాడుతుంటే ముందుకొచ్చాడు. ఉన్న మూడు వేళ్ళతో మెల్లగా ఆ గుండీ పెట్టి వెళ్ళిపోయాడు. వదిన ఊరగాయల బల్ల పక్కనే నిలబడుంది, చూసింది. ఇంటికొచ్చేటప్పుడు కారులో, "బహుమతి రాలేదని బాధా?" అని నేనడిగితే, "ఏం బహుమతి?" అంది. ఆ సంగతే మర్చిపోయింది.

ఆ తర్వాత మామూలే. మామూలంటే ఏముంది, అన్నయ్య ఒంటిచేత్తో అన్నీ నేర్చుకున్నాడు, ఒక్క షూ లేసులు తప్ప. అవి ఆవిడే కట్టేది, కడుతూ ఒకటి తిట్టేది. పొద్దున్నే ఆవిడ కొట్టంలోంచి వచ్చేసరికి సూదులన్నిటికీ దారం ఎక్కించి పెట్టేవాడు, సబ్బుబిళ్ళకి సూది గుచ్చి నిలబెట్టి, ఎడమచేత్తో. ఆవిడ కుట్టింది, ఒకటా రెండా, వరదొచ్చి వంతెన పోయింది కుట్టింది, మా అమ్మ పోయినప్పటి ముందుగది కుట్టింది, ఖాళీ చట్రంతో సహా. గోడలన్నీ అవే. పట్నంనించి ఎవరెవరో వచ్చి చూసి వెళ్ళేవాళ్ళు. వాళ్ళకి కాఫీ పోసి, మధ్యలో లేచి వెళ్ళి దూడకి పాలు పట్టించొచ్చి, మళ్ళీ కూర్చుని మాట్లాడేది. అదొక పెద్దపని అని గానీ, తనొక పెద్దమనిషినని గానీ ఆవిడకి తోచినట్టు నాకు కనిపించలేదు. పులుసు మాడ్చడం మాత్రం మానలేదు.

జబ్బు చేసిన ఏడాది అక్టోబరుకే పోయింది వదిన. పెట్టెలో పడుకోబెట్టాక చర్చి ఆడాళ్ళు వచ్చి అన్నారు, ఆవిడ చేసినవాటిల్లో మంచిది ఒకటి కప్పుదాం హాల్వర్, గోడ మీదది ఏదంటే అది అని. వాడు గోడలన్నీ ఒకసారి చూశాడు. "అవి కప్పుకునేవి కాదు" అన్నాడు. లోపలికెళ్ళి వాడి మంచం మీది బొంత పట్టుకొచ్చాడు. పాత పైజమాల గుడ్డతో, వాడి మోకాళ్ళకి చలని ఏదో హడావుడిగా ముళ్ళేసి కుట్టింది, రంగూ లేదు, రూపూ లేదు. అది కప్పాడు. ఎడమచేత్తో, మెడ దాకా లాగి, పక్కలు సర్ది. ఇంట్లో కప్పుకోడానికి ఆవిడ చేసింది ఇంక అదొక్కటే మిగిలుంది. మాకెవరికీ తట్టలేదు. ఆ చలికాలం వాడు కోటు మీద కోటు కప్పుకుని పడుకోవడం నేను చూశా. నా దుప్పటి తీసుకెళ్ళి వాడి మీద వేశా. పొద్దున లేచేసరికి మడత పెట్టి నా కాళ్ళ దగ్గరుంది. మళ్ళీ వేశా. మళ్ళీ మడతపెట్టుంది. కొత్తది కొందామన్నా. "ఎందుకురా" అన్నాడు. "దానికిచ్చేశాగా" అన్నాడు. ఆ చలి వాడు కావాలనే...

ఏంటీ, చినుకులా? ఆ కిటికీ వెయ్యమ్మా, జల్లు లోపలికొస్తోంది. నాకు చక్కెర వద్దు.